నిలబడి తరిగితే బీరకాయకి రుచొస్తుందా?

ఏవండీ పిన్నిగారూ, కాస్త ఇటు రండి. నిన్న మా పనమ్మాయితో ఏదో అన్నారట? "వాళ్ల కోడలు స్టూలేసుకుని దోసెలు పోస్తుంది, మధ్యాహ్నం పడుకుంటుంది, ఏం రోగం?" అని. రోగమేనండీ. ఎమ్మెస్ అంటారు, మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంట్లో క్రిములతో పోరాడాల్సిన శక్తి దారి తప్పి, మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీదుండే పొరనే తినేస్తుంది. వైరు మీద తొడుగు ఊడినట్టన్నమాట. పైకి ఏమీ కనపడదు. అందుకే నలుగురి నోళ్లలోనూ పడేది.

మా కోడలి అలసట మనలా చాకిరీ చేశాక వచ్చేది కాదు, నిద్ర లేస్తూనే ఉంటుంది. అందుకని ఉన్న ఓపిక దేనికి వాడుకోవాలో పొద్దున్నే లెక్కేసుకుంటుంది. బట్టలు ఆరేసిన రోజు పిండి రుబ్బదు. కూర్చుని కూర తరిగితే, మిగిలిన ఓపికతో సాయంత్రం పిల్లాడికి లెక్కలు చెబుతుంది. నిలబడి తరిగితే బీరకాయకి రుచేమన్నా పెరుగుతుందా, మీరే చెప్పండి!

అసలు గండం ఎండ. మన రాజమండ్రి మే నెల సంగతి మీకు చెప్పాలా? ఒంటి వేడి అర డిగ్రీ పెరిగితే చాలు, పొర పోయిన చోట నరం మొరాయిస్తుంది. చూపు మసకేస్తుంది, కాళ్లు తేలిపోతాయి. ఊట్‌హాఫ్ అని ఓ జర్మన్ కంటి డాక్టరు 1890లోనే ఈ సంగతి రాశాడట. ఒకప్పుడు జబ్బు తేల్చుకోవడానికి మనిషిని వేణ్నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి చూసేవారట కూడా. మీరేమో దీపావళికి తలంటి, పొగలు కక్కే నీళ్లు పోస్తానంటిరి! తనకి చలి విరిగిన నీళ్లు చాలు. చల్లబడ్డాక ఆ బాధ దానంతటదే తగ్గుతుంది, అది జబ్బు ముదరడం కాదు. కొత్త బాధ ఏదైనా రోజు దాటినా వదలకపోతే మాత్రం డాక్టరుకి ఫోను చేయాల్సిందే.

అలాగని మంచానికి అంటుకుపోకూడదు. పూర్వం డాక్టర్లే కదలొద్దనేవారట, ఇప్పుడు కదలమంటున్నారు. ఎండెక్కకముందే మెడకి తడి తువ్వాలు చుట్టుకుని మేడ మీద నడుస్తుంది. పిట్టగోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడితే మీరు ఏ దీక్షో అనుకుని ఉంటారు. తూలిపోకుండా ఉండడానికి ఫిజియో నేర్పిన పని అది.

మావాడు సిగరెట్టు మానేశాడు. నేనెంత మొత్తుకున్నా మానని వెధవ, పొగ పెళ్లాం జబ్బుని ఎగదోస్తుందని డాక్టరు అనేసరికి మానాడు. పోనీలెండి, ఎవరి మాటైతేనేం.

ఇక మీరు పంపిన తిప్పతీగ కషాయం. రోగనిరోధక శక్తి పెంచుతుందన్నారు. ఆ శక్తి తిరగబడే కదా ఈ తంటా అంతా! దాన్ని అదుపులో పెట్టడానికి మందులు వాడుతుంటే మనం పెంచడమేమిటి? పైగా కరోనా రోజుల్లో తిప్పతీగ వాడి లివరు దెబ్బతిన్నవాళ్ల సంగతి ముంబై డాక్టర్లు బయటపెట్టారు. కోప్పడకండి, సీసా కడిగి పంపిస్తాను. డి విటమిన్ మాత్ర కూడా రక్తపరీక్ష చేసి డాక్టరు రాస్తేనే వేసుకుంటుంది.

మీ మనవరాలి పెళ్లికి తప్పకుండా వస్తుంది. ఒక్కటే భయం. బాత్రూము ఎక్కడుందో తెలియని చోట, ఆపుకోలేమేమోనని ఈ జబ్బువాళ్లు చాలామంది నీళ్లు తాగడమే మానేస్తారు. దాంతో మూత్రంలో ఇన్ఫెక్షనొచ్చి, జ్వరం తగిలితే పాత బాధలన్నీ మళ్లీ లేస్తాయి. కల్యాణమండపంలో ఏసీ తగిలేలా, బాత్రూముకి దగ్గరలో ఓ కుర్చీ వేయించండి. అక్షింతలు వేయడానికి స్టేజీ ఎక్కే మెట్లకి పట్టుకునే కమ్మీ ఉందో లేదో కనుక్కుని చెప్పండి. లేకపోతే మావాణ్ణి పక్కనే ఉండమంటాను.