బెజవాడ మ్యూజియములో ఒక పూట

బెజవాడ బందరు రోడ్డున నున్న బాపు మ్యూజియమునకు మొన్నటి ఆదివారము పిల్లలతోఁ బోయితిని. "చదువురాని నాకచ్చట నేమి పని?" అని మా అత్తగారు మొదట రానన్నారు, పిల్లలు చేయిపట్టి తీసికొని వచ్చిరి.

ఈ భవనమునకు 1887లో, విక్టోరియా రాణి స్వర్ణోత్సవ సంవత్సరమున, పునాది వేసిరి. బాగుచేసి, చిత్రకారుఁడు బాపు పేరిట 2020లో మరలఁ దెఱచిరి. అల్లూరున దొరికిన తెల్లఱాతి బుద్ధవిగ్రహము, నాణెములు, కత్తులు, ఆదిమానవుల రాతి పనిముట్లు ఇందుఁ జూడఁదగినవి.

పాత మట్టికుండల యెదుట నేను చీట్లు చదువుచుంటిని. అత్తగారు మాత్రము పిల్లలను దగ్గఱకుఁ బిలిచి, మూఁతి వెడల్పైన కుండ దేనికో, ఇఱుకైనది దేనికో, అడుగు గుండ్రముగా నున్నచో మంట యెట్లు సమముగాఁ దగులునో చెప్పిరి. చీటిలో కాలమే యున్నది. వాడుక ఆమెకుఁ దెలియును.

1921లో బెజవాడ కాంగ్రెసు కమిటీ సభలప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా నిచ్చినది ఈ భవనముననే యని చెప్పుదురు. నాఁటి జెండాపై రాట్నముండెనని నేను పిల్లలకుఁ జెప్పఁగా, "మా అమ్మయు రాట్నముపై నూలు వడికెడిది" అని అత్తగారు మెల్లగా ననిరి. ఇన్నేండ్లొకే యింట నుండియు నా సంగతి నేనెన్నఁడు నడిగి యెఱుఁగను.

సోదరీమణులారా! పిల్లలను మ్యూజియమునకుఁ దీసికొని పొండు. ఇంటి పెద్దలను విడిచి పోకుఁడు. అద్దముల వెనుక వస్తువులు నిలుచును. పెద్దల మాటలు వ్రాసికొననిచో నిలువవు. నే నా రాత్రియే యొక నోటుపుస్తకము దెఱచితిని.