కుడిచేతి వైపు నర్మద

అమర్‌కంటక్‌లో నర్మద పుట్టే కుండం దగ్గర నిలబడితే, ఈ నది ఎంత దూరం పోతుందో ఊహకు అందదు. మైకల్ కొండల మీద, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తున, తెల్లటి గుళ్ల మధ్య కాసిని నీళ్లు. కాస్త దిగువన కపిలధార దగ్గర ఆ నీరే లోయలోకి దూకుతుంది. అక్కడి నుంచి పడమటికి తిరిగి, మొత్తం 1,312 కిలోమీటర్లు పారి, గుజరాత్‌లో భరూచ్ దాటాక ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది.

ఈ నదికి జనం కాలినడకన ప్రదక్షిణ చేస్తారు. దాన్నే పరిక్రమ అంటారు. దక్షిణపు గట్టున సముద్రం దాకా దిగి, అక్కడ పడవెక్కి అవతలి గట్టు చేరి, ఉత్తరపు గట్టున వెనక్కి నడుస్తారు. నది ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలి, మధ్యలో ఎక్కడా దాటకూడదు. ఉపనదులు దాటొచ్చు. సంప్రదాయం ప్రకారమైతే 3 ఏళ్ల 3 నెలల 13 రోజులు. వానాకాలం నాలుగు నెలలూ ఒకే చోట ఉండిపోవాలి. ఇప్పుడు చాలామంది కార్తీకంలో దేవోత్థాన ఏకాదశి వెళ్లాక బయల్దేరి ఎండలు ముదిరేలోపు ముగిస్తున్నారు.

ఇంత నడకకు తిండి ఎలా, దారి ఎలా? అమెరికాలో మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా పోయే పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్ 4,200 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అక్కడ నడిచేవాళ్లు ఇంటి దగ్గరే అట్టపెట్టెల్లో తిండి సర్ది, దారిలోని పోస్టాఫీసులకు తమ పేరు మీదే పంపుకుంటారు. ఏ ఊట ఎండిపోయిందో, ఏ మలుపులో నీళ్లున్నాయో ఫోన్‌లో చూసుకుంటారు. అక్కడ మధ్యలో మనుషులు లేని కొండలు, ఎడారులు. ముందుచూపు లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. నర్మద గట్టున మధ్యలో ఉన్నదే మనుషులు. అందుకే ఇక్కడి ఏర్పాటు వేరే రకంగా పెరిగింది.

దాని పేరు సదావ్రతం. మన సదావర్తి సత్రాల వంటిదే, కాకపోతే ఇక్కడ వండిన అన్నమే పెట్టాలని లేదు. ఊళ్లో ఒక ఇల్లో, గుడో, కొట్టో ఆ బాధ్యత తీసుకుంటుంది. నడిచేవాడు గుమ్మం ముందు నిలబడి "నర్మదే హర్" అంటాడు. లోపలి నుంచి పిండి, పప్పు, ఉప్పు, మిరపకాయలు కొలిచి తెచ్చి సంచిలో పోస్తారు. అతను నది ఒడ్డుకు పోయి, మూడు రాళ్లు పేర్చి, పిడకల నిప్పు మీద మందపాటి రొట్టెలు కాల్చుకుంటాడు. రేపటికి దాచుకోకూడదన్నది పాత నియమం. డబ్బు దగ్గర పెట్టుకోకూడదన్నది మరో నియమం. దీన్ని బిచ్చం అనడానికి నాకు మనసొప్పదు. రెండు వేల కిలోమీటర్లకు పైబడిన దారిలో ఒక పూటకూ ఇంకో పూటకూ మధ్య ఆకలి పడకుండా, ఒక కేంద్ర కార్యాలయమంటూ లేకుండా, కొన్ని వందల ఏళ్లుగా నడుస్తున్న సరఫరా వ్యవస్థ ఇది. దీన్ని నిలబెట్టినవాళ్లలో ఎక్కువమంది సొంత గింజలు కూడా అంతంతమాత్రంగా ఉన్న రైతులు.

సంచిలో పిండి పోసిన చేతులే దారి కూడా చూపిస్తాయి. ముందు ఊరు ఏది, మధ్యలో వాగు లోతెంత, రాత్రి పడుకోవడానికి గుడి తలుపు తీస్తారా, అన్నీ అక్కడే తెలుస్తాయి. ఈ నడకలో ఇంకో సంగతి ఉంది. నది కుడిచేతి వైపే ఉండాలి కాబట్టి అందరూ ఒకే దిశలో నడుస్తారు, ఎదురొచ్చేవాడంటూ ఉండడు. వేరే దారుల్లో అయితే అటునుంచి వచ్చే బాటసారిని ఆపి "ముందు నీళ్లున్నాయా?" అని అడుగుతాం. ఇక్కడ ముందున్న దారి గురించి చెప్పగలిగింది అక్కడ కాపురముండే మనిషి ఒక్కడే.

తెలుగు యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి పోతూ జబల్పూర్ ప్రాంతంలో ఈ నదిని దాటారు. ఆయన పరిక్రమకు రాలేదు, ఆయనది పెద్ద పరివారంతో సాగిన యాత్ర. అయినా ఏ మజిలీలో అంగళ్లున్నాయో, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో పూసగుచ్చినట్టు రాసుకున్నారు. తరవాత వచ్చేవాడికి పనికొచ్చేలా దారిని రాయడం తెలుగులో అంత పాతది. పరిక్రమ చేసేవాళ్లకూ ఇప్పుడు హిందీ, మరాఠీ, గుజరాతీల్లో చిన్న చిన్న పుస్తకాలున్నాయి. ఊరి పేరు, పక్క ఊరికి దూరం, బస దొరికే ఆశ్రమం. అంతకుమించి ఏమీ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. చాలామంది బయల్దేరే ఊళ్లో ఒక ధ్రువపత్రం రాయించుకుని, దారి పొడుగునా ఆశ్రమాల్లో, పంచాయతీల్లో ముద్రలు వేయించుకుంటారు.

మండ్లా నుంచి జబల్పూర్ వైపు వస్తుంటే ఈ పుస్తకాలకు మొదటి దెబ్బ తగులుతుంది. జబల్పూర్ చిత్రకారుడు అమృత్‌లాల్ వేగడ్ 1977లో, యాభయ్యో పడికి దగ్గరవుతూ, తన మొదటి నడక ఈ రెండు ఊళ్ల మధ్యే మొదలుపెట్టారు. తరవాత విడతలు విడతలుగా నది గట్లన్నీ తిరిగి పుస్తకాలు రాశారు, బొమ్మలు వేశారు. ఆయన తొలిసారి నడిచిన గట్టు చాలావరకు ఇవాళ బర్గీ జలాశయం అడుగున ఉంది. వాగులు నదిలో కలిసేచోట జలాశయం నీళ్లు వాగులోకి ఎగదన్ని మైళ్ల కొద్దీ నిలిచాయి. ఆ నీళ్లు వాగువా, నర్మదవా? వాగువైతే దాటొచ్చు, నర్మదవైతే దాటకూడదు. నియమం గట్టిగా పట్టుకున్నవాడు ఆ పాయ చివరిదాకా చుట్టి రావాల్సిందే. ఆ చుట్టుదారిలో పాత సదావ్రతాలు లేవు, అవి ఉన్న ఊళ్లే లేవు.

భేడాఘాట్ పాలరాళ్ల మధ్య నది ఇరుకై ఉరుముతుంది. ఆ పైన బర్మాన్, నర్మదాపురం, హండియా దాకా దారి సుగమం. నల్లరేగడి, గోధుమ పొలాలు, గట్టు మీద ఊరి వెంట ఊరు. హండియాకు ఎదురుగా అవతలి గట్టున ఉన్న నేమావర్‌ను నది నాభి అంటారు. సగం దూరం వచ్చినట్టు.

అది దాటగానే ఇందిరాసాగర్ జలాశయం. 2004లో హర్సూద్ పట్టణం పట్టణమే ఖాళీ అయింది ఈ నీళ్ల కోసం. ఆనకట్టకు ముందు సర్వే చేసిన పటాలు తీసి చూస్తే అక్కడ బళ్లు, గుళ్లు, బావులు, బండిబాటలు గుర్తులతో సహా కనిపిస్తాయి. నడిచేవాడికి ఆ పటం ఎందుకూ పనికిరాదు. ఉపగ్రహ చిత్రంలో నీలం రంగు సరిగ్గానే కనిపిస్తుంది గాని, దాని చుట్టూ ఎటు పోతే పూట గడుస్తుందో చెప్పదు.

ఓంకారేశ్వర్, మహేశ్వర్ దాటి బడ్వానీ ప్రాంతంలో నడుస్తున్నప్పుడు నాకు దొరికినంత మంచి పటం ఇంకెక్కడా దొరకలేదు. మధ్యాహ్నపు వేళ ఒక ఇంటి ఇల్లాలు "బాబాజీ, భోజన ప్రసాదం తీసుకుని వెళ్లండి" అని ఆపింది. జొన్నరొట్టె, అంబాడీ కూర. మొదటి ముద్దకే నాలుక గుర్తుపట్టింది, మన గోంగూరే. తిన్నాక దారి అడిగితే ఆమె అంట్లు తోముకునే బూడిద గుప్పెడు తీసి, అరుగు మీద పోసి వేలితో గీసింది. ఇది మా ఊరు, ఇదిగో చింతచెట్టు, ఇక్కడ చేతిపంపు. పక్కనే నిలబడ్డ కొడుకు వంగి, పంపును చెట్టుకు ఇవతలికి జరిపాడు. ఆమె ఒప్పుకుంది. తరవాత ఒక పొడవాటి గీత లాగి, "ఇంత దూరం మైయా కనిపించదు బాబాజీ, కంగారు పడకండి. కుడిచేతి వైపే ఉంటుంది" అంది. మైయా అంటే నర్మదమ్మ. ఆ సాయంత్రం నదిని చూడకుండానే నడిచాను. చింతచెట్టు, పంపు, ఆ అబ్బాయి పెట్టిన చోటే ఉన్నాయి.

ఇక్కడి నుంచి శూల్పాణి అడవి. ఒకప్పుడు ఈ కొండల్లో భిల్లు గిరిజనులు పరిక్రమవాసుల్ని ఆపి, గోచీ తప్ప అన్నీ తీసుకునేవారు. దాన్ని కూడా మైయా పెట్టే పరీక్ష అనుకునేవారు నడిచేవాళ్లు. ఇప్పుడు అదే కొండల్లో భిల్లుల గుడిసెల ముందు పిలిచి పాలు లేని టీ ఇస్తారు, రొట్టె పెడతారు. సర్దార్ సరోవర్ ఆనకట్ట నీళ్లు వాళ్ల లోయల్నే ముంచాయి. 2019లో ఆ జలాశయం మొదటిసారి 138.68 మీటర్ల పూర్తి మట్టానికి నిండినప్పుడు, ఎగువన ఉత్తరపు గట్టు మీది నిసర్‌పూర్ లాంటి పెద్ద ఊళ్లు కూడా మునిగాయి. పాత శూలపాణేశ్వర ఆలయం నీళ్లలోకి పోతే వేరేచోట కొత్తది కట్టారు. గుడిని మళ్లీ కట్టడం సాధ్యమే. కాని ఒక ఊరు చెదిరి పది పునరావాస కాలనీల్లో పడ్డాక, తరతరాలుగా గుమ్మం ముందు పిండి కొలిచిన ఇల్లు గట్టుకు దూరమవుతుంది, ఆ ఇంటివాళ్లకు తెలిసిన కాలిబాటా పోతుంది. నిర్వాసితుల లెక్కల్లో పొలం ఉంటుంది, ఇల్లు ఉంటుంది. ఈ నష్టానికి పద్దు లేదు. ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

గుజరాత్ మైదానంలో ఆశ్రమాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, తిండికి కొదవ లేదు. అంకలేశ్వర్, హన్సోట్ మీదుగా విమలేశ్వర్ చేరేసరికి నది, సముద్రం వేరుచేసి చెప్పలేనంత వెడల్పు. ఇక్కడ పడవ ఆటుపోట్లను బట్టి కదులుతుంది. ఎప్పుడు పిలుపొస్తుందో తెలియదు, అందుకని నీళ్లు, పొడి తిండి కట్టి సిద్ధంగా ఉంచుకోమంటారు. పోటు తగ్గితే బురదలో ఆగిపోయే ప్రమాదముంది.

అవతల మీఠీ తలాయి దగ్గర దిగి తూర్పుకు తిరిగితే కొంత దూరంలోనే దహేజ్ రసాయన ఫ్యాక్టరీలు. గట్టు పొడుగునా ప్రహరీలు లేవడంతో లారీల రోడ్డు పట్టుకోవాలి. తీరం దగ్గర కావడంతో భూమిలో నీళ్లు ఉప్పన. సీసాలు ఎక్కడ నింపుకోవాలో, ఏ గేటు పక్క సందు మళ్లీ గట్టుకు తీసుకుపోతుందో రోడ్డు పక్క టీ కొట్టువాళ్లను అడిగితే చెబుతారు. చాలా చోట్ల టీకి డబ్బు తీసుకోరు.