మంద దగ్గర బడి

కోతలైన పొలాల్లో ఎరువు కోసం గొర్రెల మంద కట్టించడం పల్నాడు రైతులకు పాత అలవాటు. మాచర్ల నుండి గురజాల వెళ్లే దారిలో అలాంటి మంద దగ్గర మేము ఆగాము. గొర్రెలు మేతకు వెళ్లాయి. దడిలో గొర్రెపిల్లలు, పక్కనే నాలుగు కుక్కపిల్లలు. వాటి తల్లి మంద వెంట వెళ్లగా, ఏడాదైనా నిండని ఆడకుక్క ఒకటి వాటిని కనిపెట్టుకొని ఉంది.

ఒక కూన దడిలో దూరి గొర్రెపిల్ల తోక పట్టి లాగింది. ఆ పడుచుకుక్క గుర్రుమని దాన్ని నేలకు అదిమింది గాని కరవలేదు. కూన లేచి బుద్ధిగా దూరంగా కూర్చుంది.

"మేం నేర్పిందేముందండీ! దీనికి తల్లి నేర్పింది, ఇది వీటికి నేర్పుతోంది" అన్నాడు కాపరి. గొర్రెపిల్లలను తరిమే అలవాటు పడిన కుక్క మందకు పనికిరాదట. ఒక కూనను అడిగితే, "నెలన్నరే అయింది, ఇంకో నెల ఆగండి" అన్నాడు.

ఆ మాట నిజం. మూడో వారం నుండి మూడు నెలలదాకా ఎవరి మధ్య పెరిగితే వారినే కూన తనవారనుకుంటుంది. కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండాలి. ఇక్కడి కుక్కలు సీమకుక్కల్లా గొర్రెలను తోలవు. తోలేది కాపరి కేకే. రాత్రివేళ నక్కను, దొంగను పసిగట్టడం వీటి పని. యోబు గ్రంథం 30వ అధ్యాయంలోని మందకాచే కుక్కలదీ ఇదే పని కాబోలు.

కూనను తెచ్చుకొనేవారు మూడు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించాలి.