ఆవిరి యంత్రము వద్దనుకున్నాము

కంబంలో గంజాయి మాట ఇంట్లో ఎత్తరు. పోలీసు కేసుల వల్ల ఊరికి వచ్చిన చెడ్డపేరు చాలు. అయినా ఈమధ్య మా ఇంట్లోనే ఆ ప్రస్తావన వచ్చింది.

మా మామగారికి చాలా ఏండ్లుగా ఊపిరితిత్తుల జబ్బు. డాక్టర్లు సి.ఓ.పి.డి. అంటారు. నాలుగు మెట్లెక్కితే కూర్చోవలసినదే. కెనడాలో 2018 నుండి గంజాయి చట్టసమ్మతము. అక్కడున్న మేనల్లుడు, "ఇది పొగ కాదు మామా, ఆవిరి. ఆకును కాల్చకుండా వేడిచేసే యంత్రాలున్నవి, ఏది పంపమంటారు?" అని వ్రాసినాడు. ఇంట్లో సగంమంది మెత్తబడినారు.

మేము గుమాస్తాలము గనుక ముందు చట్టము చూచినాము. 1985 చట్టము ప్రకారము గంజాయి దగ్గరుంచుకొనుటే నేరము. 2019 చట్టము ఆవిరి పీల్చే విద్యుత్ పరికరాల దిగుమతినీ నిషేధించినది. సరుకూ కూడదు, యంత్రమూ కూడదు.

ఊపిరి సంగతి వేరే ఉన్నది. కాల్చకపోతే తారు తగ్గుననుట నిజమే. కాని దెబ్బతిన్న శ్వాసనాళాలకు వేడి ఆవిరీ పడదు. అమెరికాలో 2019లో ఆవిరి గొట్టాలవల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రి పాలైనవారు, పోయినవారు కలిసి 2020 ఫిబ్రవరి నాటికి 2,800 పైచిలుకు. అవి చాలామటుకు గంజాయి నూనె గొట్టాలు, మేనల్లుడు చెప్పినది ఆకు యంత్రము. ఆ తేడా ఒప్పుకోవలసినదే.

డాక్టరుగారు యంత్రము మాట వినగానే తల అడ్డంగా ఊపి, "మీ ఇన్‌హేలరు ఎట్లా పీలుస్తారో చూపండి" అన్నారు. మామగారు ముందు నొక్కి, తరువాత తీరికగా ఊపిరి తీసినారు! మందంతా నోటిలోనే. స్పేసరు అమర్చి, నిదానంగా పీల్చి పది సెకన్లు బిగబట్టమన్నారు.

నెల అయినది. మామగారు వీధి చివర టీకొట్టు దాకా నడుస్తున్నారు, దారిలో ఒక్కసారి ఆగి.