రోజూ మధ్యాహ్నం డ్యూటీ టైమే

గేటుకి లోపలివైపు గడియ, ఆ గడియకి తాళం. సికింద్రాబాద్‌లో ఓ పాత ఇంటి కింది వాటాలో నడుస్తున్న ఈ డే కేర్‌కి వచ్చేవాళ్లందరూ అరవై దాటినవాళ్లే. పొద్దున పదింటికి ఇంట్లోవాళ్లు దింపి వెళ్తారు, సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్తారు. పెద్దవాళ్లున్న చోట తాళమేమిటని అడిగితే, నర్సు హాల్లో చెప్పులేసుకుని సిద్ధంగా కూర్చున్న ఒకాయన్ని చూపించింది. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరై ఇరవై ఏళ్లయింది. రోజూ మధ్యాహ్నం డ్యూటీ టైమైందంటూ లేస్తారు.

వరండాలో ఓ పెద్దావిడ మల్లెపూలు కడుతున్నారు. చాప మీద కాళ్లు చాపుకుని, దారం కొస కాలి బొటనవేలికి చుట్టి, అటు రెండు పూలు, ఇటు రెండు పూలు, మధ్యలో ముడి. చూపు వీధిలో ఉంది, వేళ్లు మాత్రం తప్పడం లేదు. పక్కన కూర్చోగానే ‘‘భోంచేశావా నాయనా?’’ అన్నారు. చేశానండీ అన్నాను. మూర దండ పూర్తయ్యేలోపు అదే ప్రశ్న ఇంకో రెండుసార్లు. నాలుగోసారి నోరు జారాను: ‘‘ఇందాకే చెప్పాను కదమ్మా.’’

వేళ్లు ఆగిపోయాయి. ‘‘చెప్పావా?’’ అంటూ బిక్కమొహం వేశారు.

నర్సు లోపలికి పిలిచి మెల్లగానే చీవాట్లు పెట్టింది. ‘‘ఆవిడ ప్రతిసారీ కొత్తగానే అడుగుతారు సార్. మీరూ కొత్తగానే చెప్పండి.’’

ఇందాకటి జవాబు నిలవదు, చిన్నప్పటి పూలముడి మాత్రం చెక్కుచెదరదు. మెదడులో కొత్త జ్ఞాపకాల్ని పోగుచేసే హిప్పోకాంపస్‌ని అల్జీమర్స్ జబ్బు మొదట్లోనే పట్టుకుంటుంది. చేతికి అలవాటైన పనుల్ని దాచుకునే భాగాల జోలికి చాలాకాలం పోదు. కణాల బయట అమైలాయిడ్ ఫలకాలు, లోపల టౌ ప్రొటీన్ చిక్కుముళ్లు పేరుకుంటాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో తాను చూసిన ఆగస్టె డీటర్ అనే రోగి చనిపోయాక, ఆమె మెదడును తెప్పించుకుని పరీక్షించిన జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ వీటి గురించి 1906లో తోటి వైద్యుల ముందు చెప్పాడు. 1901లో ఆసుపత్రిలో చేరేనాటికి ఆమె వయసు 51. మతిమరుపుతో పాటు భర్త మీద అనుమానాలూ పెంచుకుంది.

ఆ అనుమానం సంగతి పూలు కట్టే పెద్దావిడ కూతురికి ఎవరూ చెప్పక్కర్లేదు. ‘‘పులుసులో రెండుసార్లు ఉప్పేస్తే చాదస్తం అనుకున్నాం. గాజులు తనే బియ్యం డబ్బాలో దాచి, కోడలు ఎత్తుకుపోయిందని ఏడిస్తే అత్తాకోడళ్ల గొడవ అనుకున్నాం. మూడేళ్లు అట్లానే పోయినయి. మా వదినైతే పుట్టింటికి కూడా వెళ్లిపోయింది’’ అందామె. చాదస్తమనే ఆ ఒక్క మాట ఎన్ని ఇళ్లలో డాక్టర్ దగ్గరికి వెళ్లే దారికి అడ్డం పడుతోందో! దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది, డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా. వాళ్లలో ఎక్కువమందిది అల్జీమర్సే. డోనెపెజిల్ లాంటి మాత్రలు కొందరికి కొంతకాలం లక్షణాల్ని తేలికపరుస్తాయి, జబ్బుని నయం చేయవు. అయినా ముందే తెలిస్తే కనీసం గాజుల గొడవ తప్పేది.

హాల్లో కండక్టర్‌గారు లేచి నిలబడ్డారు. నర్సుతో తెలుగులో, ఆయాతో దక్కనీలో వాదిస్తున్నారు. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితాలు గుర్తొచ్చాయి. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువుకోనివాళ్లలో కూడా. బజారులోనే రెండో భాష అబ్బే హైదరాబాద్‌లో కాబట్టి ఆ తేడా పట్టుకోగలిగారు. ఆలస్యమే గానీ అడ్డుకట్ట కాదు. కండక్టర్‌గారికి రెండు భాషలూ ధారాళమే మరి.

‘‘డిపోకి ఫోన్ చేశాను సార్, బండి గంట లేటట’’ అంది నర్సు. ఆయన విసుక్కుని, టీ అడిగి కూర్చున్నారు. మొదట్లో ‘మీరు రిటైరయ్యారు’ అని నిజమే చెప్పేవారట. ఉద్యోగం ఊడిందని ఆయన రోజూ ఏడ్చేవారట.

నాలుగింటికి కూతురు ఆటోలో వచ్చింది. ‘‘వచ్చావా అక్కా’’ అంటూ పెద్దావిడ దండ తీసి కూతురి జడలో తురిమారు. కూతురు ఆ పిలుపుకి ఎప్పుడో అలవాటు పడింది. ఆటోకి చిల్లర కోసం హ్యాండ్‌బ్యాగ్ తడుముతూ ముందు రెండు నల్లటి బిళ్లల్లాంటివి బయటికి తీసింది. గ్యాస్ స్టవ్ నాబ్‌లు.

‘‘రాత్రి రెండింటికి లేచి పాలు కాస్తానంటుంది. అందుకే వంట కాగానే పీకేసి నా దగ్గరే పెట్టుకుంటా’’ అంటూ వాటిని మళ్లీ బ్యాగులో వేసుకుని, ఆటో అతనికి యాభై నోటు ఇచ్చింది.