బిళ్ల మాడింది... టీవీ బతికింది!

గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు... ఉద్దానం ఊళ్లలో గుండెలు గుబగుబలాడతాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను, కొబ్బరి, జీడి తోటలతోపాటు వేల కరెంటు స్తంభాలనూ నేలకూల్చింది మరి!

ఆ తర్వాత ఓ వేసవి సాయంత్రం మళ్లీ ఈదురుగాలి లేచింది. ఓ ఇంట్లో బల్బు ఒక్కసారిగా కళ్లు చెదిరేలా వెలిగింది. టీవీలోంచి ‘ఠప్’మని చప్పుడు, మాడు వాసన. హైదరాబాద్‌కు పనికెళ్లిన కొడుకు మొదటి జీతంతో కొనిచ్చిన టీవీ అది. జీడిపిక్కలు ఒలిచి బతికే ఆ తల్లికి ఆ రాత్రి ముద్ద దిగలేదు.

మర్నాడు పలాసలో మెకానిక్ టీవీ విప్పి, నల్లగా మాడిన చిన్న బిళ్లను చూపించాడు.

‘‘ఇదేటి బాబూ, రూపాయి బిళ్లంత లేదు!’’

‘‘దీన్ని వేరిస్టరంటారమ్మా. ఇది పోయింది కాబట్టే మీ టీవీ బతికింది.’’

ఆ బిళ్లలో ఉండేది ప్రధానంగా జింక్ ఆక్సైడ్. ఇళ్లకు వచ్చే 230 వోల్టుల కరెంటుకు సాధారణంగా 275 వోల్టుల రేటింగున్నది వాడతారు. మామూలప్పుడు ఇది ఉన్నా లేనట్టే. వోల్టేజీ హఠాత్తుగా ఎగబాకితే మాత్రం సెకనులో పదిలక్షో వంతుకన్నా తక్కువ సమయంలో దారి తెరిచి, ఆ పోటును తనలోంచి మళ్లించేస్తుంది. ఆ రోజు జరిగింది అంతకన్నా ప్రమాదం. గాలికి న్యూట్రల్ తీగ తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. అంత వోల్టేజీ ఆగకుండా వస్తుంటే బిళ్ల కాలిపోతుంది. అప్పుడు దాని ముందున్న ఫ్యూజు కొట్టేసి కరెంటు ఆగిపోతుంది. ఫ్యూజు లేకపోతే బిళ్లే నిప్పంటుకోవచ్చు.

‘‘బిళ్ల లేకపోయినా టీవీ ఆడుతుందా బాబూ?’’

‘‘ఆడుతుందమ్మా. కానీ కావలి లేని తోటే!’’

కొత్త బిళ్ల, కొత్త ఫ్యూజు వేశాక బొమ్మ వచ్చింది. ఆమె కళ్లు తడిశాయి.

అయితే ఈ కావలివాడికీ హద్దులున్నాయి. దెబ్బ తిన్నకొద్దీ బలహీనపడతాడు. నేరుగా పడే పిడుగును ఆపలేడు. అందుకే ఉరుము వినబడకముందే ప్లగ్గు, కేబుల్ వైరు తీసేయాలి. బల్బులు మరీ ఎక్కువగా వెలిగితే వెంటనే మెయిన్ ఆపి లైన్‌మన్‌కు చెప్పాలి.

ఇప్పుడు మబ్బు పట్టిందంటే ఆ తల్లి, ఆరేసిన బట్టలకన్నా ముందు టీవీ ప్లగ్గే తీస్తోంది!