శంషాబాద్ దీపాల దగ్గర తెల్లచీర

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దెయ్యం కథ తెలియని క్యాబ్ డ్రైవర్ నాకు ఇంతవరకు తగల్లేదు. వివరాలు మాత్రం చెప్పేవాళ్లను బట్టి మారుతుంటాయి. తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తుతుందని ఒకరంటే, ఏకంగా రన్‌వే మీదే నడుస్తుందని ఇంకొకరంటారు. ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడు చచ్చిపోయిన కూలీ అని కొందరు, భూమి పోయిన బెంగతో ప్రాణం వదిలిన ఊరి మనిషి అని కొందరు. కళ్లారా చూసినవాళ్లు ఎప్పుడూ వేరేవాళ్లే. ఈసారి నన్ను తీసుకెళ్లిన కుర్రాడిదీ అదే మాట. "నేను చూడలే సార్, మా తమ్ముని దోస్తు చూసిండు. రెండు దాటినంక ఈ రోడ్డు మీద ఎవరు చెయ్యెత్తినా ఆపొద్దు" అన్నాడు, కళ్లు రోడ్డు మీంచి తిప్పకుండా.

నేను వెళ్లింది దీపాలు చూడటానికి. లైట్‌హౌస్‌లంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ మీద 1957 నుంచి వెలుగుతున్న దీపం కోసం బీచ్‌లో చీకటి పడేదాకా కూర్చున్న సాయంత్రాలు ఉన్నాయి. హైదరాబాద్‌కు సముద్రం లేదు. కానీ చీకట్లో దారి వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం రాత్రంతా మెలకువగా ఉండే దీపాలు శంషాబాద్‌లో ఉన్నాయి. శంషాబాద్ ఊరి దగ్గర హైవే పక్కన నిలబడితే, దిగడానికి వస్తున్న విమానం మొదట ఆకాశంలో కదలని చుక్కలా ఉంటుంది. చప్పుడు ఉండదు. ఆ చుక్క పెరిగి రెండవుతుంది, ఆ తర్వాతే మోత వినబడుతుంది. కింద రన్‌వే పక్కన వరసగా నాలుగు దీపాలుంటాయి. పైలట్ సరైన వాలులో దిగుతుంటే అతనికి రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తాయి. నాలుగూ తెల్లగా ఉంటే మరీ ఎత్తులో ఉన్నట్టు, నాలుగూ ఎరుపైతే ప్రమాదకరంగా కిందికి వచ్చేసినట్టు. అటు టవర్‌లో అద్దాల వెనక ఎవరో కూర్చుని ఉంటారు. వాళ్ల ముఖం మనం ఎప్పటికీ చూడం.

అలా ముఖం తెలియని కాపలా ఉన్నచోటే దెయ్యాల కథ పుడుతుందని నాకనిపిస్తుంది. స్కాట్లాండ్‌కు పడమటి సముద్రంలో ఫ్లానన్ దీవుల లైట్‌హౌస్ ఉంది. 1900 డిసెంబర్‌లో అక్కడి ముగ్గురు కాపలాదారులు మాయమయ్యారు. 26న పడవలో వెళ్లినవాళ్లకు మనుషులు కనబడలేదు గానీ, దీపం తుడిచి, నూనె పోసి, వెలిగించడానికి సిద్ధంగా ఉంది. ఏదో పెద్ద అల వాళ్లను ఈడ్చుకుపోయి ఉంటుందని విచారణకు వెళ్లిన అధికారి తేల్చాడు. పన్నెండేళ్ల తర్వాత ఒక కవి ఎవరూ ముట్టని భోజనాన్నీ, బోర్లా పడిన కుర్చీనీ కల్పించాడు. లోకానికి ఆ కుర్చీయే గుర్తుండిపోయింది. మాయమయ్యే రోజు కూడా దీపం తుడిచి పెట్టిన ఆ చేతుల్ని తలుచుకునేవాళ్లు తక్కువ. నాకు ఆ కథలో బాధ కలిగించేది అదే.

శంషాబాద్ కథలోనూ అదే జరిగింది. ఎయిర్‌పోర్టుకు 2005 మార్చిలో పునాదిరాయి పడింది. 2008 మార్చి 23 నుంచి విమానాలు మొదలయ్యాయి, అదే రాత్రి బేగంపేట పాత ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. మొత్తం సుమారు 5,500 ఎకరాలు, రన్‌వే పొడవే 4,260 మీటర్లు. గొల్లపల్లి, మామిడిపల్లి లాంటి ఊళ్ల పొలాలు అందులో కలిసిపోయాయి. తెల్లచీర గురించి గంటసేపు చెప్పేవాళ్లు ఆ పొలాల్లో ఏం పండేదో ఒక్క ముక్క చెప్పలేరు. చలికాలం తెల్లవారుజామున ఇక్కడ మంచు దట్టంగా పడుతుంది. హెడ్‌లైట్ వెలుతురు అందులో తగిలి చెదిరితే రోడ్డు పక్క తుమ్మచెట్టు కూడా లేచి నిలబడినట్టే ఉంటుంది. నిద్ర లేని డ్రైవర్ కంటికి అంతకంటే ఏం కావాలి?

నాలుగు గంటల ప్రాంతంలో ఒక టీ బండి దగ్గర ఆగాం. ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని చేసే ఒకామె అక్కడ గాజు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వేళ్లు కాచుకుంటోంది. తల మీంచి తెల్ల శాలువ కప్పుకుంది. మా కుర్రాడు దెయ్యం మాట ఎత్తగానే ఆమె ముఖం చిన్నబోయింది.

"దయ్యం కాదు బిడ్డా, మేమే. డ్యూటీ దిగినంక ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్తం. చెయ్యెత్తితే బండి ఆపుడు పోయి ఇంక జోరు చేస్తరు. మొన్న వానల తడుసుకుంట ఇంటిదాంక నడిచిన."

"మీది ఏ ఊరక్కా?" అనడిగాను.

"మామిడిపల్లి దిక్కు సార్. మా అత్తగారిది రెండెకరాల చెలక గీ ఎయిర్‌పోర్టు కిందనే పోయింది. మక్కలు ఏస్తుంటిమి. లోపల ఎక్కడొస్తదో ఇప్పుడు ఆనవాలు దొరకది." ఆ మాట అంటూ కంచె వైపు చూసి మళ్లీ టీ తాగింది.

కుర్రాడు తల దించుకుని డబ్బులు ఇచ్చాడు, ఆమె టీకి కూడా. తర్వాత మామిడిపల్లి దారి అడిగి వెనక తలుపు తీశాడు. నేను పత్రికలకు రాస్తానని దారిలో తెలిసి ఆమె ఒకటే అడిగింది. "దయ్యం ముచ్చట రాస్తే రాయుండ్రి సార్. మూడింటికి డ్యూటీ దిగేటోళ్లకు మా దిక్కు బస్సు లేదని గూడ రాయుండ్రి."